వాన నీళ్ల కోసం చూసే మొక్క

పొద్దున్నే పెరట్లో పురుగుల్ని తినే నెపెంథిస్ మొక్క కూజా అంచు మీద గండుచీమ తిరుగుతోంది. రాత్రి వానకి ఆ అంచు తడిసి నిగనిగలాడుతోంది. కాలు జారింది, లోపల పడింది. మళ్లీ పైకి రాలేదు.

మన దేశంలో ఈ మొక్కల పుట్టిల్లు మేఘాలయ. నేలలో దొరకని నత్రజని పురుగుల్లోంచి తీసుకుంటాయి.
అందుకే మన గుడివాడ నల్లమట్టిలో పెట్టి యూరియా వేస్తే వేళ్లు మాడిపోతాయి!
వీటికి కావాల్సింది ఉప్పు పోయేదాకా కడిగిన కొబ్బరి పీచు, నాచు, వాన నీళ్లు. అంతే.

బందరులో, దివిసీమలో బోరు వేస్తే ఉప్పునీళ్లు పడే ఊళ్లెన్నో. ఆ నీళ్లు వీటికి పనికిరావు. ఈ మొక్కను పెంచుతుంటే, చూరు నుంచి కారే ప్రతి చుక్కా ఎంత విలువైనదో తెలుస్తోంది.

అన్నట్టు, మన చెరువుల్లో పసుపు పూలతో తేలే యుట్రిక్యులేరియా కూడా పురుగుల్ని తినేదే. సన్నటి తిత్తుల్లోకి నీటిపురుగుల్ని రెప్పపాటులో లాగేస్తుంది.

మీ ఊరి చెరువులో ఎవరైనా చూశారా? ఫొటో పెట్టండి.