ఇద్దరు లక్ష్ములు, ఒక రిజిస్టరు

పెరంబూరులో మా సంఘం నడిపే ఉచిత వైద్యశాల ఆదివారం ఉదయం మాత్రమే తెరుస్తాం. ఇద్దరు డాక్టర్లు, నలుగురు వాలంటీర్లు, అద్దె లేని ఒక హాలు, ఒక చెక్కబీరువా, అందులో ఆరు లావుపాటి రిజిస్టర్లు. అదే మా ఆస్తి. వచ్చేవాళ్లలో ఎక్కువమంది రైల్వేలోనూ, ఐ.సి.ఎఫ్.లోనూ పనిచేసి రిటైరైన కుటుంబాల పెద్దవాళ్లు.

రెండేళ్ల క్రితం ఒక ఆదివారం డాక్టరుగారు ఒకావిడ పేజీ చూసి, "షుగరు మాత్ర డోసు పెంచుతున్నానమ్మా" అన్నారు. ఆవిడ తెల్లబోయి, "నాకు షుగరెక్కడిది నాయనా? నేనొచ్చింది మోకాళ్ల నొప్పులకు కదా!" అంది. తీరా చూస్తే అది మరో ఆర్. లక్ష్మిగారి పేజీ. ఇద్దరి వయసూ దాదాపు ఒకటే, ఇద్దరూ ఒకే వీధివాళ్లు. తమిళనాట మన ఇంటిపేర్లు కాగితాల మీంచి జారిపోయి, తండ్రి పేరో భర్త పేరో మొదటి అక్షరం ఇనీషియలుగా మిగిలింది కదా. ఒకరి భర్త రామయ్య, మరొకరి భర్త రాజగోపాల్. రిజిస్టరుకు ఇద్దరూ ఒకరే.

ఆవిడ నోరు విప్పింది కాబట్టి సరిపోయింది. విప్పకపోతే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కమిటీ కూర్చుని, ఇక కంప్యూటరు పెట్టాల్సిందేనని తీర్మానించింది. "బ్యాంకాయన ఉన్నాడుగా" అని ఆ పని నా నెత్తిన పెట్టారు. నాకూ కాస్త బెరుకుగానే ఉంది, ఎందుకంటే అంతకు ముందొకసారి మేము చెయ్యి కాల్చుకున్నాం. ఒక కంపెనీవారు ఏడాదిపాటు ఉచితమంటే సంబరంగా చేరాం. రెండో ఏడాది అడిగిన రుసుము కట్టలేక మానుకుంటామంటే, మా వివరాలు మొత్తంగా తీసుకునే వీలు లేదన్నారు. ఒక్కొక్క పేజీ ప్రింటు తీసుకుని, మళ్లీ చేత్తో రిజిస్టరుకెక్కించాం.

ఈసారి కంపెనీలకు ఫోన్ చెయ్యకముందు, చీటీలు రాసే బల్ల దగ్గర నాలుగు ఆదివారాలు కూర్చున్నాను. అక్కడ ఉండేది ఒక రిటైర్డు టీచరుగారు. ఎవరెవరు ఏమడుగుతున్నారు, ఆవిడ ఏం వెతుకుతున్నారు, ఎక్కడ తడబడుతున్నారు అని ఒక కాగితం మీద రాసుకున్నాను. పేరుతో వెతికితే లాభం లేదని మొదటి రోజే తేలింది. లక్ష్మి అన్న పేరును ఇంగ్లీషులో ఒకరు కె.ఎస్.హెచ్. పెట్టి రాస్తారు, ఒకరు ఎక్స్ పెట్టి రాస్తారు. ఫోన్ నంబరుతో వెతుకుదామంటే ఇంటిల్లిపాదికీ ఒకటే నంబరు. బ్యాంకులో లెడ్జర్లు పోయి కంప్యూటర్లు వచ్చినప్పుడు మేము పడ్డ పాట్లూ ఇవే. అక్కడ ప్రతి ఖాతాదారుకూ ఒక నంబరిచ్చి గట్టెక్కాం. ఇక్కడా అదే చెయ్యాలి: మనిషికొక నంబరు, చేతికొక చిన్న కార్డు.

తరవాత ధరలు. విదేశీ సాఫ్ట్‌వేరు ఒకటి చూడముచ్చటగా ఉంది. నెలకు మనిషికి 600 రూపాయలే అన్నారు. మేము ఆరుగురం. నెలకు 3,600, ఏడాదికి 43,200, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 50,976. రిజిస్ట్రేషను లేని మాబోటి సంఘానికి ఆ పన్ను వెనక్కి రాదు. మేము ఏడాదికి మందులకు పెట్టే ఖర్చులో అది సగానికి పైనే. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అన్నట్టు, మెసేజీలకు వేరే లెక్క.

ఉచితంగా దొరికేవీ ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని గనియారిలో జన్ స్వాస్థ్య సహయోగ్ వారి ఆసుపత్రి కోసం మొదలై, పలు దేశాలకు పాకిన 'బాహ్మ్ని' అలాంటిదే. మంచి సాఫ్ట్‌వేరు. కాని దాన్ని నిలబెట్టి, కాపాడుకోవడానికి తెలిసిన మనిషి కావాలి. ఏనుగు ఊరికే వచ్చినా మావటికి జీతమివ్వాలి కదా! ఆదివారం పూట నడిచే మాకు అది మోయలేని బరువు.

చివరికి మనిషి లెక్కన కాక, సంస్థ మొత్తానికి ఏడాదికి 9,000 తీసుకునే చిన్న సాఫ్ట్‌వేరు ఒకటి దొరికింది. పన్నుతో 10,620. డబ్బు కట్టేముందు మూడు పరీక్షలు పెట్టాను. పాత రిజిస్టరులోంచి ఇరవైమంది వివరాలు, ఇద్దరు లక్ష్ములతో సహా, టీచరుగారి చేతనే ఎక్కించాను. వాటన్నిటినీ ఒక్కసారిగా ఎక్సెల్ ఫైలుగా బయటికి తీయించి మా కంప్యూటరులో తెరిచి చూశాను. చీటీ రాసేవాళ్లకు తేదీ, వేళ మాత్రమే కనబడి, జబ్బు వివరం డాక్టరుకే కనబడుతుందా అని చూశాను. మూడింట్లోనూ నెగ్గింది. తరవాత మూడు నెలలపాటు రిజిస్టరూ, కంప్యూటరూ పక్కపక్కనే నడిపించాం. ఇప్పటికీ శనివారం సాయంత్రం మర్నాటి జాబితా ప్రింటు తీసి పెడతాం, కరెంటునూ నెట్‌నూ నమ్ముకోలేం గనక. టోకున మెసేజీలు పంపాలంటే టెలికాం కంపెనీల దగ్గర ముందుగా నమోదు చేసుకోవాలి. అందుకని మా వాలంటీర్లే ఫోన్ చేసి గుర్తుచేస్తారు. పెద్దవాళ్లకూ అదే ఇష్టం.

ఇంకొక మాట. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది, నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ఎవరి వివరాలు ఎందుకు తీసుకుంటున్నామో వాళ్లకు చెప్పి, ఒప్పుదల తీసుకోవాలి. ఆ నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకునే వీలు మనిషికి ఉండాలంటుంది చట్టం. అందులో తెలుగూ ఉంది. సంబరపడి తెలుగులో రాసుకుపోయాను. తీరా చూస్తే మా పెద్దవాళ్లలో చాలామందికి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం తమిళమే. కాబట్టి తమిళంలోనూ రాయించాం, తెలుగులో చదివి వినిపిస్తాం.

ఆ సాఫ్ట్‌వేరులో మనకు కావలసిన గడి ఒకటి అదనంగా చేర్చుకోవచ్చు. టీచరుగారు దానికి 'ఇంటిపేరు' అని పెట్టించారు. మొన్న రామయ్యగారి లక్ష్మిగారిని అది అడిగితే, ఆవిడ కాసేపు మా మొహాలు చూసి, "పెళ్లిపీటల మీద చెప్పారు నాయనా, మళ్లీ ఇన్నేళ్లకు నువ్వడిగావు" అని, పక్కనున్న మనవడికి కూడా వినబడేలా గట్టిగా చెప్పింది. వాడు అదే మొదటిసారి వినడమట.

ఇప్పుడు మా దగ్గర ఇద్దరు లక్ష్ములూ ఇద్దరుగానే ఉన్నారు. మీ ఊళ్లలోనూ ఇలాంటి సేవ చేస్తున్న సంఘాలుంటే, బేరానికి పోయేముందు చీటీల బల్ల దగ్గర నాలుగు వారాలు కూర్చోండి. మా ప్రశ్నల కాగితం ఒక కాపీ కావాలంటే సంపాదకులకు రాయండి, సంతోషంగా పంపుతాను.