మ్యాచింగ్ ఎవరి కోసం?



మొన్న రాత్రి పది దాటాక మా తమ్ముడు ఫోన్ చేశాడు. ఆ టైములో ఫోనంటే ఇంట్లో ఎవరికో బాగాలేదనే నా భయం. "అక్కా, ఒకటి అడుగుతా, నవ్వకూడదు" అన్నాడు.

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వాడిది. ఆఫీసువాళ్లు ఆరుగురు కలిసి స్కూబా డైవింగ్ నేర్చుకోడానికి అండమాన్ వెళ్తున్నారు. మిగతా ఐదుగురూ మాస్కు, ఫిన్స్, వెట్‌సూటు అన్నీ ఒకే రంగులో సెట్టుగా ఆర్డర్ పెట్టేశారంట. "నా దగ్గరున్న డబ్బులకి ఒక్కోటి ఒక్కో రంగులో వస్తన్నాయక్కా. మ్యాచింగ్ కావాలంటే క్రెడిట్ కార్డు గీకాలి. మ్యాచ్ కాకపోతే ఏమన్నా అవుద్దా?"

నన్నెందుకు అడిగాడంటే, మా చుట్టాలందరిలో సముద్రం లోపలికి దిగింది నేనొక్కదాన్నే. విశాఖలో సెమినార్‌కి వెళ్లినప్పుడు రుషికొండలో ఒకసారి దిగి, ఆ పిచ్చితో ముప్పై దాటాక ఈత నేర్చుకుని, వేసవి సెలవుల్లో కోర్సు పూర్తి చేశాను.

నేను నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో ముందు చెప్తాను, వాడి ప్రశ్నకి జవాబు తర్వాత.

నేను సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో చదివాను. ఏటా మాకిచ్చే గుడ్డ ఒకే తానులోది. మేం రోడ్డు మీద నడిచెళ్తుంటే ఆ రంగు చూసే "హాస్టల్ పిల్లలు" అనేవాళ్లు. ఆ మాటకి ఇంకో అర్థం ఊళ్లో అందరికీ తెలుసు. అందరం మ్యాచింగే, కానీ అది మా మీద వేసిన ముద్ర. అందుకే క్రిస్మస్ వస్తే మా అమ్మ చీరాల బజారంతా తిరిగి గౌనుకి తగ్గ రిబ్బను, రిబ్బనుకి తగ్గ గాజులు వెతికేది. ఒకసారి అమ్మ కూలికెళ్లే ఇంటావిడ నన్ను చూసి "ఏమే, మీ పిల్లకి మ్యాచింగ్ కూడానా?" అంది. ఆ "కూడానా" ఇప్పటికీ నా చెవిలో ఉంది.

చండాలురు చచ్చినవాళ్ల బట్టలు కట్టుకోవాలని మనుస్మృతి రాసిపెట్టింది. 1927 డిసెంబరులో మహద్‌లో బాబాసాహెబ్ ఆడవాళ్లతో మాట్లాడుతూ, ఏ చీరకట్టు చూసి మిమ్మల్ని అంటరానివాళ్లని గుర్తుపడుతున్నారో ఆ కట్టు మానేయమని చెప్పారు. ఆయన సూటు వేసుకుంది సరదాకి కాదు. బట్టలు చిన్న విషయం అని తేలిగ్గా అనగలిగేవాళ్లని బట్టల గురించి ఎవరూ ఎప్పుడూ ఏమీ అని ఉండరు. కాబట్టి ఆ ఐదుగురి మధ్య తేడాగా కనపడకూడదని నా తమ్ముడు అనుకోవడం సోకు కాదు.

ఇప్పుడు వాడి ప్రశ్నకొస్తాను.

నా మొదటి మాస్కూ ఫిన్సూ ఎర్రవి. అమ్మ కూతుర్ని కదా, మ్యాచింగ్ చూసే కొన్నాను. పడవ మీద భలే ఉన్నాయి. లోపల తీసిన ఫొటోలో చూస్తే రెండూ బురద రంగు. నీళ్లు వెలుగులోంచి ముందు ఎరుపుని మింగేస్తాయి. 5 మీటర్లు దిగేసరికే ఎరుపు వెలిసిపోతుంది. ఆ తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. లోపల వేలు తెగితే రక్తం కూడా ఎర్రగా కనపడదు. టార్చి వేస్తేనే అసలు రంగు తిరిగొస్తుంది. అంటే పైన అద్దంలో కుదిరిన మ్యాచింగ్ కింద ఉండదు. అప్పు చేసి కొన్న రంగు పడవ మీదే ఆగిపోతుంది.

అలాగని రంగు అక్కర్లేదని కాదు. ఒక డైవులో నేను మా జోడీ వెనకాలే వెళ్తున్నాననుకుని వేరే ఆయన వెనకాల పోయాను. అందరివీ అద్దె నల్ల సూట్లే, మొహాలకి మాస్కులు. ఎవరు ఎవరో ఎట్లా తెలుస్తుంది? ట్రైనర్ వచ్చి చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కెళ్లాడు. ఆ తర్వాత నా జోడీ మెరిసే గులాబీ ఫిన్స్ కొనుక్కుంది. ఫ్లోరసెంట్ రంగులు లోపలికొచ్చే నీలి వెలుగునే పట్టుకుని తమ రంగులో తిరిగిస్తాయి, అందుకే లోతులోనూ మెరుస్తాయి. ఆమెని నేను మళ్లీ తప్పిపోలేదు.

ఇంకోటి. డైవింగ్ చేసే ప్రతి మనిషికీ గాలి పీల్చుకునే గొట్టాలు రెండుంటాయి. ఒకటి తనకి. రెండోది, పక్కవాడి సిలిండర్లో గాలి అయిపోతే వాడికివ్వడానికి. దాన్ని ఆక్టోపస్ అంటారు. అది మామూలుగా పసుపు రంగులో ఉంటుంది. ఊపిరాడక కొట్టుకుంటున్న మనిషికి ఒక్క క్షణంలో అది కనపడాలి. అది ఏ సెట్టుకీ మ్యాచ్ కాదు, కాకూడదు కూడా. చూడ్డానికి బాగుంటుందని దాన్ని కూడా నలుపులో అమ్ముతారు. నేనైతే కొనను.

మరి డబ్బు దేని మీద పెట్టాలి? ముందు మాస్కు మీద. పట్టీ తగిలించుకోకుండా మొహానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చాలి. చెయ్యి వదిలినా మొహానికి అతుక్కుని ఉంటే అది నీ మాస్కు. జారితే, ఎంత అందమైందైనా నీళ్లు కారుతుంది. ఫిన్స్ కాలికి ఒరుసుకోకూడదు. వెట్‌సూటు ఒంటికి అతుక్కుని ఉండాలి. వదులైతే చల్లనీళ్లు వస్తూ పోతూ ఒంట్లో వేడిని లాగేస్తాయి. నీళ్లు గాలికంటే 20 రెట్లకు పైగా వేగంగా వేడి లాగుతాయి. సూటు, జాకెట్టు, రెగ్యులేటరు కోర్సులో మామూలుగా వాళ్లే ఇస్తారు. నేర్చుకోబోయేవాడు అన్నీ కొనక్కర్లేదు.

ఇక్కడ "నీళ్లలోకి దిగాక రంగూ లేదు, కులమూ లేదు" అని రాసి ముగిస్తే లైకులు బాగా వస్తాయి. కానీ అది అబద్ధం. మహద్ చెరువులో దోసెడు నీళ్లు తాగడానికి 1927 మార్చి 20న బాబాసాహెబ్ ఊరేగింపుగా వెళ్లాల్సి వచ్చింది. 1985లో మా జిల్లా కారంచేడులో గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గరే. నీళ్లు పాడుచెయ్యొద్దన్నందుకు కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలబడింది. మర్నాడు, జూలై 17న, ఆరుగురు మాదిగల్ని చంపారు. ఆ కథ వింటూ పెరిగిన మా అమ్మ మమ్మల్ని చెరువు గట్టుకి కూడా పోనిచ్చేది కాదు. నాకు ముప్పై దాటాక గానీ ఈత రాకపోవడానికి కారణం బద్ధకం కాదు.

మిత్రులు కొందరు అడుగుతారని ముందే చెప్తున్నా, నీలం సంగతి. నీళ్లలో బాగా లోతు దాకా మిగిలే రంగు నీలమే. నాకూ అది తెలిసినప్పుడు ఒళ్లు పులకరించింది. కానీ అంతా నీలంగా ఉన్నచోట నీలం వేసుకున్న మనిషి కనపడడు. జెండా మీద నీలం ఉంచుకుందాం. ఫిన్స్ మాత్రం పసుపో గులాబీయో కొనుక్కుందాం.

తమ్ముడికి ఇదంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మరి గ్రూప్ ఫొటోలో నేనొక్కడినే తేడాగా ఉంటా కదక్కా" అన్నాడు.

"ఉంటావురా. ఇన్నాళ్లూ మనల్ని వేరు చెయ్యడానికి వాళ్లు రంగు వాడారు. ఈసారి నువ్వు తప్పిపోతే నిన్ను వెతికి పట్టుకోడానికి నీ రంగు నువ్వే ఎంచుకో."

కార్డు గీకలేదు. ఆదివారం మాస్కు ఒక్కటే కొనడానికి షాపుకెళ్తున్నాడు. అద్దంలో తర్వాత చూసుకోవచ్చు, ముందు ముక్కుతో గాలి పీల్చి చూడమన్నాను.

జై భీమ్.