గుంటూరు ఎండకి ఎంత కంప్రెషన్?

"మామూ, పది పెట్టిద్దాం" అన్నాడు మా ఆపా కొడుకు. పది అంటే 10:1 కంప్రెషన్ రేషియో. బండి దూలాభాయ్ కువైట్ వెళ్తూ ఇంట్లో వదిలిన పాత ఇనుప ఇంజన్ బుల్లెట్ 350. రింగులు అరిగి పొగ కక్కుతోంది. ఎలాగూ విప్పాలి కదా, పనిలో పనిగా జోరు పెంచుదామని వాడి షౌఖ్. అదే బండి మీద వాడు రోజూ అమ్మీని పొన్నూరు బడిలో దించి రావాలి. దూలాభాయ్ పంపే పైసల్లో ఇంజన్ రెండోసారి విప్పే గుంజాయిష్ లేదు.

ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి లేత్ మీద పనిచేసినవాణ్ని. "ముందు హిసాబు చెయ్ బేటా, తర్వాత జిద్దు చెయ్" అన్నాను.

హిసాబు కష్టమేమీ కాదు. ఈ ఇంజన్ బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. పిస్టన్ కిందినుంచి పైకి ఊడ్చే జాగా 346 సీసీ. పిస్టన్ పైకొచ్చి ఆగాక హెడ్డులో మిగిలే జాగా ఎంతో తెలియాలి. పిస్టన్ పైన నిలిపి, వాల్వులు మూసి, ప్లగ్గు కన్నంలోంచి మందుల షాపు సిరంజితో పల్చటి ఆయిల్ పోయించాను. 53 సీసీ పట్టింది. 346కి 53 కలిపి, 53తో భాగిస్తే ఏడున్నర. ఎనిమిదిన్నర కావాలంటే ఆ జాగా 46కి తగ్గాలి. పది కావాలంటే 38కి.

తగ్గిస్తే ఫాయిదా ఉంది. గాలీ పెట్రోలూ ఎంత గట్టిగా నొక్కితే మంటలోంచి అంత తాఖత్ వస్తుంది. నుఖ్సాన్ కూడా అక్కడే ఉంది. నొక్కిన కొద్దీ మిశ్రమం వేడెక్కుతుంది. ప్లగ్గు మంట ఇంకా అందని మూల అది తనంతట తనే భగ్గుమంటుంది. అదే నాకింగ్. రేకు డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు వినిపిస్తుంది. పట్టించుకోకపోతే పిస్టన్ తల కరిగి కన్నం పడుతుంది.

"యూట్యూబ్‌లో పదకొండు పెట్టారు మామూ!"

పెట్టారు. ఆ ఇంజన్లకి నీళ్లు తిరుగుతాయి, నాకింగ్ పసిగట్టి టైమింగ్ వెనక్కి జరిపే సెన్సారు కూడా కొన్నిటికి ఉంటుంది. మనది గాలికి చల్లారాల్సిన ఇనుము. గుంటూరు మే నెలలో 44 డిగ్రీల గాలి చల్లార్చేదెంత? బంకులో 95 ఆక్టేన్ పెట్రోలు దొరకొచ్చు. కానీ దారిలో అది అయిపోయి, దొరికింది పోయించుకున్న రోజు కూడా బండి నడవాలి. రేసు క్యామ్ వేస్తే ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుని నొక్కుడు కొంత తగ్గుతుంది, అందుకే అలాంటి ఇంజన్లు పెద్ద నంబరు తట్టుకుంటాయి. కానీ మెల్లగా పోయేటప్పుడు ఇంజన్ లాగదు. బజారు ట్రాఫిక్‌లో వెనక అమ్మీ కూర్చున్న బండికి అది పనికిరాదు.

వాడు మొహం మాడ్చుకున్నాడు. ఎనిమిదిన్నరకి ఒప్పుకోడానికి రెండు రోజులు పట్టింది.

తల కాస్త ఉబ్బిన పిస్టన్ తెచ్చాం. దాని మీద పిల్లలాడుకునే మైనం ముద్ద అంటించి, హెడ్డు బిగించి, ఇంజన్‌ని చేత్తో రెండు చుట్లు తిప్పి విప్పాం. మైనం ఎక్కడ ఎంత పల్చబడిందో చూస్తే వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఎంత సందుందో తెలిసిపోతుంది. మళ్లీ సిరంజితో కొలిస్తే 46కి ఒక్క సీసీ అటూ ఇటూ.

రన్నింగ్ పూర్తయ్యాక మిట్టమధ్యాహ్నం కొండవీడు ఘాట్ ఎక్కించాను. నేను వెనక కూర్చుని చెవులు రిక్కించాను. మూడో మలుపు దగ్గర సన్నగా టిక్ టిక్‌మంది. బండి ఆపి, చల్లారనిచ్చి, టైమింగ్ పిసరంత వెనక్కి జరిపాం. మళ్లీ ఎక్కిస్తే అల్‌హందులిల్లా, ఆ చప్పుడు లేదు. ఇదివరకు రెండో గేరు అడిగే చోట మూడో గేరులోనే లాగింది. వాడి మొహం అప్పుడు వెలిగింది.

ఆపాని అడిగితే, "ఏమో, బండి మామూలుగానే ఉంది, బెల్లు కొట్టకముందే దించుతున్నాడు" అంది.

మీ ఇంట్లోనూ ఇలాంటి షౌఖ్ ఉన్న కుర్రాడుంటే కోప్పడకండి. పిస్టన్ కొనకముందు వాడి చేత ఒక సిరంజి కొనిపించండి. ఆ బండి ఏ పెట్రోలుతో, ఏ ఎండలో, ఎవర్ని ఎక్కించుకుని తిరుగుతుందో ఒక కాగితం మీద రాయించండి. నంబరు ఆ తర్వాత.