తైపే వీధుల్లో నలకూబరుడు

నలకూబరుణ్ణి మనం భాగవతంలో చూశాం. తాగి, సిగ్గు విడిచి జలక్రీడలాడుతూ నారదుడి శాపానికి మద్దిచెట్టయిపోయిన కుబేరుడి కొడుకు. పింగళి సూరన 'కళాపూర్ణోదయం'లో రంభ ప్రియుడిగానూ చూశాం. ఈ నలకూబరుడే బౌద్ధ గ్రంథాల వెంట చైనా చేరి, పేరు అరిగిపోయి 'నేజా' అయ్యాడని పండితులంటారు. అక్కడ అతనికి తండ్రితో వైరం. తనవల్ల కన్నవాళ్లకి ముప్పొస్తే, వాళ్లిచ్చిన మాంసం, ఎముకలు వాళ్లకే తిరిగిచ్చేసి చచ్చిపోతాడు. గురువు తామరలతో కొత్త ఒళ్లు ఇస్తే, కాళ్లకింద నిప్పుచక్రాలతో తండ్రిమీదికే వస్తాడు!

త్సాయ్ మింగ్-లియాంగ్ 1992లో తీసిన మొదటి వెండితెర సినిమాకి ఈ నేజాయే పేరు. ఇంగ్లీషులో 'రెబెల్స్ ఆఫ్ ది నియాన్ గాడ్'. రెండేళ్లకే, 1994లో, ఆయన మరో సినిమా వెనిస్‌లో గోల్డెన్ లయన్ కొట్టింది. కానీ నాకు ఇదే ఇష్టం.

మా హాస్టల్ గదిలో ఎనిమిదిమందిమి మొదలుపెట్టాం. పాటల్లేవు, మాటలే తక్కువ. చివరికి ముగ్గురం మిగిలాం. చిత్రమేమిటంటే, ఆ ముగ్గురం లాంగ్‌టర్మ్ కోచింగు తిన్నవాళ్లమే.

షియావో-కాంగ్ తైపేలో కోచింగు సెంటర్లో చదువుతుంటాడు. చదువుతుంటాడనడం మర్యాదకి. తండ్రి టాక్సీ డ్రైవరు. ఓ రోజు ఆయన మెత్తబడి కొడుకుని సినిమాకి తీసికెళ్తానంటాడు. సరిగ్గా అప్పుడే ఆ-జె అనే కుర్రాడు మోటారుసైకిలు మీదొచ్చి టాక్సీ అద్దం పగలగొట్టి పోతాడు. పగిలింది అద్దం ఒక్కటే కాదు. ఆ తండ్రీకొడుకులకి మళ్లీ అలాంటి పూట రాదు.

కోచింగు మానేసి, కట్టిన ఫీజు వెనక్కి పుచ్చుకుని, మనవాడు ఆ-జె వెంట నీడలా తిరుగుతాడు. పగతోనా, ఇష్టంతోనా? దర్శకుడు చెప్పడు. రెండూనేమో అంటాన్నేను. ఆ-జె బతుకేమంత గొప్పది కాదు. ఫోను బూతుల్లో చిల్లర, వీడియోగేము మిషన్లలో బోర్డులు కాజేసి బతుకుతుంటాడు. అతని ఫ్లాటులో తూములోంచి నీళ్లు ఉబికొచ్చి చెప్పులు తేలుతుంటాయి. బాగుచేయించాలని ఎవడికీ తోచదు.

కొడుకు నేజా అవతారమని గుడిలో చెప్పారంటుంది తల్లి. అది చెవినపడి వాడు పూనకం వచ్చినట్టు ఊగుతాడు. తండ్రి చేతిలో గిన్నె విసిరికొడతాడు. పూనకాలు మనకి కొత్తా? అయినా అక్కడ నాకు నవ్వు రాలేదు. ఇంట్లో తన గొంతు వినబడ్డానికి వాడికి దేవుడు కావాల్సొచ్చింది. మా నాన్నా నేనూ ఆ కోచింగు ఏడాదంతా మాట్లాడుకున్నది ఒక్కటే, అదీ ఆదివారాలు, హాస్టల్ ఫోనులో: "టెస్టులో ఎన్నొచ్చాయిరా?" నేనో అంకె చెప్పేవాణ్ణి. ఆయన "ఊఁ" అనేవారు.

ఓ రాత్రి షియావో-కాంగ్ ఆ మోటారుసైకిలుని నాశనం చేసి, 'నేజా వచ్చిపోయాడు' అని రాస్తాడు. పొద్దున్నే ఎదుటి హోటలు గదిలోంచి చూసి, మంచమెక్కి గంతులేస్తాడు. కాసేపే. ఆ తర్వాత బండి నెట్టుకుపోతున్న ఆ-జె పక్కకి తనే వెళ్లి సాయం కావాలా అంటాడు. పొమ్మంటాడు వాడు.

ఆఖర్న డబ్బు కట్టి ఫోన్లో స్నేహాలు వెతుక్కునే చోటికి పోయి, గూడులాంటి గదిలో కూర్చుంటాడు. ఫోను మోగుతుంది. ఎత్తడు. ఎత్తితే ఏం మాట్లాడాలో తెలీకేనని నా ఊహ.