నదీముఖాన ఒక అల

సముద్రానికి గల పర్యాయపదాలను చెబుతూ అమరకోశం ‘సరిత్పతి’ అనే మాటను పేర్కొన్నది. నదులకు భర్త అని దాని అర్థం. మన ప్రాచీన కవులు నదులను నాయికలుగా, సాగరుణ్ణి నాయకుడిగా భావించి సంగమ స్థలాలను వర్ణించారు. నది సముద్రుణ్ణి చేరడంతో ఆ వర్ణనలు ముగుస్తాయి. ప్రకృతిలో మాత్రం కథ అక్కడ ముగియదు. కొండల నుండి, మైదానాల నుండి మోసుకువచ్చిన ఇసుకను నది తన ముఖద్వారం వద్ద విడిచిపెడుతుంది. సముద్రం ఆ ఇసుకను తిరిగి ఒడ్డు వైపు నెడుతుంది. రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు ఆ ఇసుకను అటూ ఇటూ సర్దుతుంటాయి. ఈ ఎడతెగని ఇచ్చిపుచ్చుకోవడంలో నీటి అడుగున తిన్నెలు ఏర్పడతాయి. ఆ తిన్నెలు కొన్ని చోట్ల అపురూపమైన అలలకు జన్మస్థానాలవుతాయి. అటువంటి ఒక అల కొన్ని సంవత్సరాల కిందట ఉన్నట్టుండి కనుమరుగైంది. ఎందుకు పోయిందో, ఎలా తిరిగి వచ్చిందో తెలుసుకోవడం నదుల ఒడ్డున, సముద్రపు అంచున నివసించే వారందరికీ అవసరం.

స్పెయిన్ దేశపు ఉత్తర తీరంలో, బిస్కే అఖాతానికి అభిముఖంగా, బాస్క్ ప్రజల సీమ ఉన్నది. ప్రపంచంలోని మరే భాషతోనూ చుట్టరికం రుజువు కాని ప్రాచీన భాష వారిది. ఆ సీమలో ఓకా అనే చిన్న నది ఉత్తర దిశగా ప్రవహించి సముద్రంలో కలుస్తుంది. ఆ నది సమీపాన గెర్నికా పట్టణం ఉన్నది. 1937 ఏప్రిల్ 26న విమానాలు బాంబులు కురిపించి ఆ పట్టణాన్ని ధ్వంసం చేయగా, ఆ దారుణాన్ని చిత్రకారుడు పికాసో తన కుంచెతో లోకానికి చాటాడు. గెర్నికా దాటిన తరువాత ఓకా నది వెడల్పై, బురద నేలల నడుమ, ఇసుక మేటల నడుమ మెలికలు తిరుగుతుంది. వలస పక్షులకు ఆశ్రయమైన ఆ ప్రాంతం పేరు ఉర్దాయ్‌బాయ్. యునెస్కో 1984లో దానిని జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. నది సముద్రాన్ని చేరే చోట, పడమటి గట్టున ‘ముందాకా’ అనే చిన్న ఊరు ఉన్నది. అక్కడి జనాభా రెండు వేలకు మించదు. చిన్న రేవు, సముద్రపు అంచున ఒక చర్చి, కొద్దిపాటి ఇరుకు వీధులు, ఇంతే ఆ ఊరు. ఎదుటి గట్టున లాయిదా ఇసుక తీరం కనిపిస్తుంది. దూరంగా, సముద్రంలో ఇసారో దీవి నిలబడి ఉంటుంది.

ఇంత చిన్న ఊరి పేరు ప్రపంచమంతటా వినిపించడానికి కారణం అక్కడి అల. శీతకాలం సమీపించగానే ఉత్తర అట్లాంటిక్ మహాసముద్రంలో తుపానులు చెలరేగుతాయి. వాటి గాలుల తాకిడికి పుట్టిన తరంగాలు వందల, వేల కిలోమీటర్లు సాగి బిస్కే అఖాతంలో ప్రవేశిస్తాయి. అంత దూరం ప్రయాణించేది నీరు కాదు, శక్తి. లోతైన సముద్రంలో ఆ తరంగం మెల్లగా లేచి దిగే మూపులా కనిపిస్తుందే తప్ప దాని బలం బయటపడదు. నదీముఖాన ఉన్న ఇసుక తిన్నెను చేరగానే దాని పాదం నేలను ఒరుసుకుని వేగం తగ్గుతుంది. పైభాగం ఎత్తుగా లేస్తుంది. నీటి లోతు అల ఎత్తుకు ఇంచుమించు ఒకటింబావు రెట్లకు తగ్గినప్పుడు శిఖరం ముందుకు ఒరిగి విరిగిపడుతుంది. తిన్నె తీరానికి సమాంతరంగా ఉంటే అల అంతా ఒక్కసారే కుప్పకూలుతుంది. ముందాకా వద్ద ఓకా నది పేర్చిన తిన్నె ఏటవాలుగా ఉంటుంది. అందువల్ల అల ఒక కొన నుండి మరొక కొనకు, చాపను చుట్టినట్లు, క్రమక్రమంగా చుట్టుకుంటూ పోతుంది. ఆ చుట్టలో మనిషి నిలబడగలిగినంత బోలు ఏర్పడుతుంది. దక్షిణం నుండి నేలగాలి వీస్తే అల ముఖం మరికొంతసేపు నిటారుగా నిలుస్తుంది. తుపాను, పాటు, గాలి, తిన్నె అనే ఈ నాలుగూ కలిసివచ్చే రోజులు ఏడాదిలో కొన్నే ఉంటాయి.

ఆ రోజుల కోసం ఎదురుచూసేవారు సర్ఫింగ్ చేసేవారు. పొడవాటి పలకపై నిలబడి అల మీద స్వారీ చేసే ఈ విద్య పసిఫిక్ దీవులలో పుట్టింది. హవాయి ప్రజలు దానిని ‘హెయె నలు’ అన్నారు. అల మీద జారడమని ఆ మాటకు అర్థం. రాజులూ, సామాన్యులూ, స్త్రీలూ, పురుషులూ అందరూ ఆ విద్యను అభ్యసించారు. 1779లో కెప్టెన్ కుక్ బృందంలోని జేమ్స్ కింగ్ అనే అధికారి హవాయి వాసుల ఈ క్రీడను చూసి ఆశ్చర్యపడి వివరంగా రాశాడు. ఆ తరువాతి శతాబ్దంలో బయటి నుండి వచ్చిన రోగాలతో జనసంఖ్య క్షీణించి, జీవన విధానం మారి, ఆ క్రీడ దాదాపు అంతరించే స్థితికి చేరింది. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో ఈతలో స్వర్ణ పతకం సాధించిన హవాయి వీరుడు డ్యూక్ కహనమోకు దానిని అమెరికాలో, ఆస్ట్రేలియాలో ప్రాచుర్యంలోకి తెచ్చి పునర్జీవితం కల్పించాడు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్ క్రీడలలో సర్ఫింగ్‌కు తొలిసారిగా స్థానం లభించింది. ముందాకా అల కీర్తి 1970 దశకంలో దేశదేశాలకు పాకింది.

అలలు తగ్గాక సముద్రస్నానం చేస్తానన్న వాని గురించి తెలుగునాట ఒక సామెత ఉన్నది. సర్ఫింగ్ చేసే వ్యక్తి దానికి పూర్తిగా వ్యతిరేకి. అతడు అల పెరిగే వేళ కోసం కాచుకుంటాడు. రాత్రి వాతావరణ పటాలు చూసి, తెల్లవారకముందే చర్చి పక్కనున్న గట్టు మీదికి చేరి, చీకట్లో సముద్రపు హోరును వింటాడు. చన్నీటికి తాళగల రబ్బరు దుస్తులు ధరించి, పలకను చంకన పెట్టుకుని రేవు మెట్లు దిగుతాడు. సముద్రం వెనక్కు తగ్గే పాటు వేళ నది నీరు వేగంగా బయటికి పరుగెడుతుంది. పలకపై బోర్లా పడుకున్న వానిని ఆ ప్రవాహమే తిన్నె వరకు మోసుకుపోతుంది. నది సహాయం లేనిదే అక్కడ సముద్రంతో ఆడటం దుస్సాధ్యం. అదే ప్రవాహం ఏమరుపాటుగా ఉన్న వానిని దూరంగా ఈడ్చుకుపోతుంది కూడా. తిన్నె మీద నీరు లోతు తక్కువ. పట్టు తప్పిన వానికి అడుగున ఉన్న ఇసుక బండలా తగులుతుంది.

అక్కడ బలం కన్న ఓర్పుకే విలువ ఎక్కువ. విరిగే కొనకు ఎవరు దగ్గరగా ఉంటారో అల వారిదని సర్ఫింగ్ చేసేవారందరూ పాటించే నియమం. వరుస తప్పి ఇతరుల అలలో చొరబడిన వాడు నలుగురిలో చులకనవుతాడు. తన వంతు అల సమీపించినప్పుడు రెండు చేతులతో నీటిని బలంగా తోసి, అల వీపు మీదికి ఎక్కుతున్న క్షణంలో ఒక్క ఉదుటున లేచి నిలబడాలి. ఆ క్షణం దాటితే మనిషి తలకిందులవుతాడు. ఆ క్షణానికి ముందు లేస్తే అల ముందుకు పోతుంది. నిలదొక్కుకున్న వానికి ఎడమవైపుగా నీటి గోడ ఒకటి తెరుచుకుంటుంది. తలపైన నీటి కప్పు, పక్కన నీటి గోడ, ఎదుట వెలుగుతున్న చిన్న ద్వారం. మంచి రోజున ఆ స్వారీ మూడు వందల మీటర్లకు పైగా సాగుతుంది. అది ముగిసేసరికి మిగిలేది నురుగు మాత్రమే. ఏ జాడా మిగలని ఆ కొద్ది క్షణాల కోసం మనుషులు ఖండాలు దాటి ఆ ఊరికి వచ్చారు. 1999 నుండి ప్రపంచ స్థాయి పోటీలు కూడా అక్కడ జరిగాయి.

2003లో పరిస్థితి మారింది. నదికి ఎగువన ఒక ఓడల నిర్మాణశాల ఉన్నది. అక్కడ తయారైన ఓడలు సముద్రాన్ని చేరాలంటే నదీమార్గం లోతుగా ఉండాలి. అందుకోసం ముఖద్వార ప్రాంతంలో రెండు లక్షల ఘనపు మీటర్లకు పైగా ఇసుకను తవ్వి, లాయిదా తీరాన పోశారు. ఓడలు కట్టేవారికి అది బతుకుతెరువు. కూలి చేసే చేతులకు పని కావాలి, ఓడకు లోతు కావాలి. ఆ అవసరాన్ని తేలికగా కొట్టివేయడానికి వీలు లేదు. కాని నది ఎన్నో ఏళ్లుగా సర్దుకున్న సమతౌల్యం ఆ తవ్వకంతో చెదిరిపోయింది. ప్రవాహం దారి మార్చుకున్నది. తిన్నె రూపం కోల్పోయింది. తుపానులు యథాప్రకారం తరంగాలను పంపాయి, దక్షిణపు గాలి యథాప్రకారం వీచింది. ముందాకాకు చేరిన తరంగం మాత్రం ఆకారం లేక, ఒక క్రమం లేక చెదిరిపోసాగింది. నాలుగింటిలో ఒక్కటి లోపించడంతో తక్కిన మూడూ నిష్ప్రయోజనమయ్యాయి. అల క్షీణించిన కారణంగా 2005లో అక్కడ జరగవలసిన ప్రపంచ పోటీ రద్దయింది.

పోగొట్టుకున్న తరువాత వస్తువు విలువ తెలుస్తుందని పెద్దలంటారు. ఆ అలకు యజమాని లేడు. ఏ దస్తావేజులోనూ దాని పేరు లేదు. ఇసుకకు ధర కట్టవచ్చు, ఓడకు ధర కట్టవచ్చు, అలకు ఎవరు ధర కడతారు? అయినప్పటికీ అది లేకపోయేసరికి బస గృహాల వారికి, భోజనశాలల వారికి, పలకలు అమ్మే దుకాణాల వారికి దాని విలువ అనుభవంలోకి వచ్చింది. ముందాకా అల ఆ చిన్న ఊరికి ఏటా లక్షలాది డాలర్ల ఆదాయాన్ని తెస్తున్నదని 2008లో వెలువడిన ఒక ఆర్థిక అధ్యయనం లెక్కగట్టింది. లెక్కకు అందని నష్టం మరొకటి ఉన్నది. చిన్నప్పటి నుండి ఆ అలను చూస్తూ, దాని హోరును బట్టి రుతువును గుర్తిస్తూ పెరిగిన వారికి ఇంటి ముందున్న చెట్టు కూలిపోయినట్లయింది. ఆ బాధను ఏ పట్టికలో నమోదు చేస్తారు?

అదృష్టవశాత్తు నది తన పని మానలేదు. తవ్వకం ఆగిన తరువాత పోటుపాట్లు మళ్లీ ఇసుకను సర్దడం మొదలుపెట్టాయి. లాయిదా తీరాన పోసిన ఇసుకను సైతం నీరు కొంత కొంతగా కదిలించింది. తిన్నె క్రమంగా పూర్వరూపాన్ని సంతరించుకున్నది. 2006లో పోటీలు తిరిగి జరిగాయి. మానవుడు కొద్దికాలంలో చెరిపిన గీతను తిరిగి గీయడానికి నదికి కొన్ని సంవత్సరాలు పట్టింది. ఈ కథ సుఖాంతం కావడానికి కారణం అక్కడ నది ఇంకా ఇసుకను కదిలించగలగడమే. ఆ శక్తి నశించిన చోట ఎంతకాలం వేచినా తిన్నె తిరిగి రాదు.

ఈ విషయం తెలుగువారికి పరాయిది కాదు. అంతర్వేది వద్ద వశిష్ఠ గోదావరి, హంసలదీవి వద్ద కృష్ణమ్మ సముద్రంలో కలుస్తాయి. నదీముఖాన్ని మన జాలరులు ‘మొగ’ అంటారు. మొగ వద్ద ఇసుక ఏ పక్షంలో ఎటు జరిగిందో, పడవ ఎటు తిప్పితే గట్టెక్కుతుందో వారికి తెలుసు. కట్టిన దుంగలతో చేసిన తెప్ప మీద విరుచుకుపడే అలలను దాటి వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు అదను చూసి అల మీదనే ఒడ్డుకు చేరడం మన తీరంలో తరతరాలుగా ఉన్న విద్య. ముందాకాలో అది క్రీడ, ఇక్కడ అది జీవనాధారం. రెండింటికీ అదను తెలియడమే ప్రాణం. గోదావరి ఇసుకతో రూపుదిద్దుకున్న హోప్ ఐలాండ్ అనే పొడవాటి ఇసుక దిబ్బ తుపాను అలల నుండి కాకినాడకు కాపు కాస్తున్నది. ఏ ఇంజనీరూ నిర్మించని గోడ అది. నదుల మీద ఆనకట్టలు కట్టడం వల్ల పొలాలు పండాయి, కరువులు తగ్గాయి. అదే సమయంలో సముద్రాన్ని చేరే మట్టి, ఇసుక బాగా తగ్గిపోయాయి. నదీగర్భాల నుండి ఇసుకను తోడటం కూడా వాటికి తోడైంది. కొండల నుండి సముద్రం దాకా సాగే ఆ ఇసుక ప్రయాణం మధ్యలో ఎక్కడ తెగినా దాని ఫలితం చివర ఉన్న తీరం అనుభవిస్తుంది.

నదిని తాకకుండా మానవుడు జీవించలేడు. తాగడానికి నీరు, పండించడానికి నీరు, ప్రయాణానికి నీరు, ఇంటికి ఇసుక అన్నీ నది నుండే రావాలి. అయితే తీసుకునేటప్పుడు ఆ నది ఇంకెవరికి ఏమి ఇస్తున్నదో తెలుసుకోవడం వివేకం. కనిపించే లాభాన్ని కొలిచే కొలబద్దలు ఎన్నో ఉన్నాయి. నీటి అడుగున నిశ్శబ్దంగా ఒక అలను నిలబెట్టిన తిన్నెను, ఒక పట్టణాన్ని కాపాడుతున్న దిబ్బను కొలవడం నేర్వవలసి ఉన్నది. చదువుకున్న యువతరం ఆ కొలతను నేర్చి, దానిని నిర్ణయాలు తీసుకునే చోట వినిపించగలిగితే, సరిత్పతి చెంతకు చేరే నది రిక్తహస్తాలతో వెళ్లవలసిన దుస్థితి రాదు.