చక్రాల మకాం

తమ్ముడు అద్దెకు తెచ్చిన బండి ముప్పై అడుగుల పొడవుంది. పడకలు, పొయ్యి, స్నానాలగది, మరుగుదొడ్డి అన్నీ అందులోనే. అమెరికాలో దానిని ఆర్.వి. అంటారు. అమ్మ లోపలికి తొంగిచూసి, పొయ్యికీ మరుగుదొడ్డికీ మధ్య దూరాన్ని కళ్లతోనే కొలిచి, "రెండు బారలైనా లేదు కదే!" అంది. ఆ పొయ్యిమీద వండినది ముట్టనని అప్పుడే నిశ్చయించుకుంది.

అది 2022 డిసెంబరు. ఫ్లారిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో ఫోర్ట్ వైల్డర్‌నెస్ అనే చోట నాలుగు రోజులు దిగాము. ఈ 'క్యాంపింగ్' అన్న మాటకు తెలుగు వెతకడం నా వృత్తిదోషం. విడిది అంటే పెళ్లివారు గుర్తుకు వస్తారు, దండు అంటే సైన్యం. చివరకు మకాం అనుకున్నాను. 1971లో ఆ వినోదనగరం తెరిచిన కొద్ది వారాలకే ఈ మకామూ మొదలైంది. బే లేక్ అనే సరస్సును ఆనుకుని, పైన్, సైప్రస్ చెట్ల మధ్య సుమారు 750 ఎకరాలు. ఇలాంటి బండితో వచ్చిన ప్రతి కుటుంబానికీ దానిని నిలుపుకొనే గచ్చు, భోజనాల బల్ల, కరెంటు, కుళాయి, మురుగు పోయేందుకు నేలలో ఒక గొట్టపు మూతి ఉంటాయి. క్రిస్మస్ రోజులు కనుక బండ్ల ముందు రంగుదీపాల తోరణాలు కట్టారు. అమ్మ ఆరుబయట బల్లమీద చిన్న కరెంటు పొయ్యి పెట్టుకుని ఉప్పుపిండి వండుకుంది.

పగలు పడవలో మాజిక్ కింగ్‌డమ్‌కు వెళ్లివచ్చేవాళ్లం. ఆ కోటను గురించి వ్రాసినవారు చాలామంది ఉన్నారు. అమ్మకు నచ్చినది మాత్రం రాత్రి సరస్సుమీద సంగీతంతో సాగే దీపాల తెప్పలు. "మన తెప్పోత్సవమే, దేవుడు లేడు గాని" అంది.

మూడవనాటి ఉదయం మరుగు తొట్టి నిండినట్లు లోపల చిన్న దీపం వెలిగింది. తమ్ముడు రబ్బరు తొడుగులు వేసుకుని, లావుపాటి గొట్టాన్ని బండి కిందనుంచి నేలలోని మూతికి బిగించాడు. ముందు మరుగు తొట్టి మీట లాగాలి. అది ఖాళీ అయ్యాక స్నానపు నీళ్ల తొట్టిది. ఆ సబ్బునీళ్లు గొట్టాన్ని కడుగుతాయి.

"దూరంగా ఉండు అక్కయ్యా, వాసన."

"నాకు అలవాటే" అన్నాను.

ఆ మాట అనవలసింది కాదు. నాన్నగారు పక్షవాతంతో అయిదు నెలలు మంచంమీద ఉండి 2020 ఏప్రిల్‌లో పోయారు. అన్నీ నేనే ఎత్తిపోశాను. మార్చి 23 నుంచి విదేశీ విమానాలు ఆగిపోయాయి. కర్మకాండ వాడు ఫోనులో చూశాడు. కానీ విమానాలు తిరిగిన రోజుల్లోనూ వాడు రాలేదు, డబ్బు పంపాడు. ఆ సంగతి మా మధ్య ఒక్కసారీ రాలేదు.

వాడు తల ఎత్తలేదు. "జనవరిలోనే రావలసింది. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఉండిపోయాను" అన్నాడు. తరువాత రెండవ మీట లాగాడు. గొట్టంలో నీళ్లు పోతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. వాడు తొడుగులు తీసి చేతులు చాపాడు. చెంబు ఖాళీ అయితే మళ్లీ నింపుకుని వచ్చి పోసింది, మూడుసార్లు.

సాయంత్రం వాన పట్టుకుంది. బల్లమీది పొయ్యిని అమ్మ గుడ్డ కప్పి వదిలేసి, బండి ఎక్కి, లోపలి పొయ్యిమీద చారు పెట్టింది.