బాస్కెట్‌బాలును బ్రదుకుతెరువును

గడచిన కార్తికమాసమున నొకనాటి సాయంకాలము, ఆటలు ముగిసి బాలురందరు ఇండ్లకు పోవుచుండగా, తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు నాయొద్దకు వచ్చి నిలిచెను. వాడు తన యీడువారికంటె జానెడు పొడుగు. "సార్, నేను చదువు మాని బాస్కెట్‌బాలు అకాడమీలో చేరెదను. ఆ యాటతోనే బ్రదుకవలెనని యున్నది. మా బాపు వలదనుచున్నాడు. మీరేమందురు?" అని యడిగెను.

నాకు వెంటనే బదులు తోచలేదు. ఇరువదియైదేండ్లకు పూర్వము నేనును ఒక పెద్దమనిషిని ఈ ప్రశ్ననే యడిగితిని. "ఆట కూడు పెట్టునా?" అని ఆయన నవ్వెను. ఆ నవ్వు నేటికిని నా చెవిలోనున్నది. కావున నేను నవ్వరాదనుకొంటిని. అయితే లేని యాస పెట్టుటయు మేలు కాదు. "రేపు రమ్ము, చెప్పెదను" అని పంపివేసితిని.

మరునాడు వేపచెట్టు నీడను కూర్చుండి నాకు తెలిసినది చెప్పితిని. ఈ యాట ధనమునకై పుట్టినది కాదు. 1891వ సంవత్సరము డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున, వై.ఎం.సి.ఏ. శిక్షణాలయములో ఉపాధ్యాయుడగు జేమ్స్ నైస్మిత్, చలికాలమున విద్యార్థులు లోపల ఆడుకొనుటకై రెండు పండ్లబుట్టలను పది అడుగుల యెత్తున కట్టించి దీనిని కల్పించెను. నేడదే కొందరికి కోట్ల రూపాయల వృత్తియైనది. కాని అచటి ఎన్.బి.ఏ. పోటీలలో జట్లు 30. జట్టునకు 15 మంది చొప్పున లెక్కింపగా 450 స్థానములే. వానికై ప్రపంచమంతయు పోటీపడుచున్నది.

పిదప సత్నాం సింగు చరిత్రము చెప్పితిని. అతడు 1995లో పంజాబునందలి బల్లోకే గ్రామమున రైతుయింట జన్మించెను. లూధియానాలో ఆట నేర్చి, 2010లో పదునాలుగేండ్ల ప్రాయమున ఫ్లోరిడాలోని ఐ.ఎం.జి. అకాడమీకి పోయెను. అప్పటికి అతనికి ఆంగ్లము అంతగా రాదు. 2015 జూన్ 25వ తేదీని డల్లాస్ మావెరిక్స్ వారు అతనిని 52వ వానిగా ఎన్నుకొనిరి. భారతదేశమున పుట్టి అట్లు ఎన్నికైన వారిలో అతడే మొదటివాడు. అయినను ఎన్.బి.ఏ. పోటీలలో ఒక్క యాటయైనను ఆడుట అతనికి లభింపలేదు. దిగువ శ్రేణిలోని టెక్సాస్ లెజెండ్స్ జట్టునను, పిమ్మట కెనడాలోను ఆడి, 2021లో మల్లయుద్ధ ప్రదర్శనల వృత్తికి మరలెను.

"అయితే అతడు ఓడినట్లా, సార్?" అని బాలుడడిగెను.

గెలిచెనని చెప్ప నోరాడలేదు. ఓడెనని చెప్ప మనసొప్పలేదు. "అతడు తలుపువరకు పోయెను. తలుపు ఎచట నున్నదో మనకు తెలిసినది" అంటిని. మరియు కేరళకు చెందిన గీతూ అన్న జోస్ కథ చెప్పితిని. ఆమె దక్షిణ రైల్వేలో ఉద్యోగముండగనే ఆస్ట్రేలియాలోని రింగ్‌వుడ్ జట్టునకు ఆడెను. 2011లో అమెరికా స్త్రీల జట్ల పరీక్షలకు పోయి, స్థానము దొరకకపోయినను ఆట మానలేదు. 2014లో అర్జున పురస్కారము పొందెను. ఆటయు అన్నమును ఒకే కంచమున నుండవలెనను నియమము లేదు.

ఆదివారమునాడు వాని తండ్రి వచ్చెను. "మన వరంగల్లు పల్లెలవారికి ఇవి యెక్కడి మాటలు సారూ" అనెను. కల్లెడ గ్రామపు దీప్తి జీవాంజిని జ్ఞాపకము చేసితిని. కూలి చేసుకొను తలిదండ్రుల బిడ్డ 2024లో పారిస్ పారాలింపిక్ క్రీడలలో 400 మీటర్ల పరుగున కంచు పతకము తెచ్చెనుగదా! ఆయన చాలసేపు మాటాడలేదు. తుదకు మేము మువ్వురము ఒక యొప్పందమునకు వచ్చితిమి: పదవ తరగతి ముగియువరకు చదువు మానరాదు, ప్రతిదినము ఉదయము ఐదున్నరకు సాధన, అటుపిమ్మట అకాడమీవారి పరీక్షకు తండ్రియే వెంటబెట్టుకొని పోవలెను.

నేను చెప్పినది సరియో కాదో కాలమే చెప్పవలెను. నేటి యుదయము నాకంటె ముందే వాడు గేటువద్ద నిలిచియుండెను. నూరు బంతులు వేసి నలువది తప్పెను. మొదటి వారమున అరువది తప్పెడివాడు.